జీతం కాగితం లేని పిల్లవాడు

ఆ రోజు నేను బండి దిగలేదు. నా తప్పు చెప్పమంటే ముందు ఇదే చెప్పాలి.

చౌడేపల్లె దగ్గర ఒక చిన్న పల్లె. మధ్యాహ్నం ఎండ. మోటార్‌సైకిల్ ఇంజను కూడా ఆపకుండా, ఒక కాలు నేలకు ఆనించి, తల మీది గడ్డిమోపు దించుకుంటున్న ఒక పెద్దావిడను అడిగాను, ఫలానా అబ్బాయి ఇల్లు ఏదని. ఆమె నా మెడలో వేలాడే కార్డు చూసింది. పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకున్న ఫైలు చూసింది.

“వాడెవుడో మాకు తెలీదప్పా. అట్లాంటి పేరుండేవాడు ఈ ఊర్లో లేడు” అంది.

నేను ఫోను తీసి, రిపోర్టులో ‘పొరుగువారి అభిప్రాయం’ అన్నచోట ‘నెగటివ్’ అని నొక్కి, బండి తిప్పుకొని వచ్చేశాను.

ఆమె అబద్ధం చెబుతోందని నాకు తెలుసు. ఎందుకు చెబుతోందో కూడా తెలుసు. మా వైపు పల్లెల్లో కొత్త మనిషి ఫైలు పట్టుకొని వచ్చి ఎవరి పేరైనా అడిగితే, బాకీ వసూలుకు వచ్చాడనే అర్థం. అప్పుడు ఊరంతా ఒకే మాట చెబుతుంది. లేడు, తెలీదు, ఎప్పుడో బెంగళూరు పోయినాడు. ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పని లేదు. నిన్నటిదాకా గట్టు తగాదాతో మాటలు లేనివాళ్ళు కూడా ఆ ఒక్క విషయంలో ఒకటైపోతారు. నాది వాల్మీకిపురం. బోరు మోటారు అప్పు కోసం వచ్చిన మనిషితో మా అమ్మ, మా నాన్నను పశువుల కొట్టంలో దాచిపెట్టి, “ఆయప్ప ఇంటి మొగం సూసి నెల అయితాంది” అని చెప్పడం నేను పక్కనే నిలబడి విన్నాను.

అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉంది. కార్డు జేబులో వేసుకొని, ఫైలు సంచిలో దాచి, బండి ఊరి బయట నిలిపి నడిచి వెళతాం. పెళ్ళి సంబంధం కోసం పిల్లవాడి సంగతి కనుక్కోవడానికి వచ్చినట్టు అడుగుతాం. అప్పుడు మంచం వాలుస్తారు, మజ్జిగ ఇస్తారు, ఆ పిల్లవాడు తాగుతాడా లేదా, ఎవరితో తిరుగుతాడు, ఎంత సంపాదిస్తాడు, అన్నీ చెబుతారు. కొత్తగా ఈ పనిలో చేరినవాళ్ళకు ఈ పద్ధతి నేర్పేది నేనే.

ఆ రోజు నేను దాన్ని ఎందుకు పాటించలేదో చెప్పాలంటే ఆ పిల్లవాడి గురించి చెప్పాలి. పేరు రాయను. ఆ పేరు నేను ఒకసారి రాసి చేసిన మేలు చాలు.

వాడు మదనపల్లె టమాటా మార్కెట్‌లో హమాలీ. పాతికేళ్ళు కూడా ఉండవు. బాక్సులు మోసీ మోసీ కుడి భుజం దిగిపోయి, తల ఎప్పుడూ కొంచెం ఎడమకు వాలి ఉండేది. ఎదురుగా నిలబడితే మనం చెప్పే మాటను జాగ్రత్తగా చెవిలో పోసుకుంటున్నట్టు కనిపించేవాడు. మా ఆఫీసుకు అందరూ అన్నాలకు లేచే వేళకే వచ్చేవాడు. వేలం ముగిసి, లారీలు నిండి, వాడికి తీరిక దొరికేది అప్పుడే. కుర్చీ అంచున కూర్చునేవాడు. లేచాక మెడలోని తువ్వాలు తీసి ఆ కుర్చీని తుడిచేవాడు.

“యాల తుడుస్తావప్పా, పనామె ఉంది కదా” అన్నాను ఒకసారి.

“బట్టలకు టమాటా రసం ఉంటాది సార్. మీ కుర్చీకి చీమలు పడితే మళ్ళీ నన్ను లోపలికి రానిస్తారా?”

మా ఆఫీసు అంటే వాహనాలకు అప్పులిచ్చే ఒక ఫైనాన్సు కంపెనీ బ్రాంచి. నేను అందులో ఉద్యోగిని కాను. లోను అడిగినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి విచారించి రిపోర్టు పెడితే, రిపోర్టుకు ఇంత అని ఇస్తారు. తిరగని రోజు డబ్బు రాదు. నాకూ జీతం కాగితం లేదు. ఆ పిల్లవాడు అడిగిన లోను నేను అడిగినా వచ్చేది కాదు. వాడికి ఇదంతా తెలియదు. నా ఇస్త్రీ చొక్కా చూసి ఆఫీసరు అనుకునేవాడు. కాదని నేను చెప్పలేదు.

వాడు మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఫైళ్ళు తీసుకునే అమ్మాయి కంప్యూటరు చూస్తూ అడిగింది.

“నెల జీతం ఎంత?”

“యా నెలది మేడం? కాయ వచ్చే నెలదా, రాని నెలదా?”

“సగటున చెప్పు.”

“సగటు నాకెప్పుడూ ఎవురూ ఇయ్యలేదు మేడం. ఉన్నప్పుడు ఇస్తారు, లేనప్పుడు రేపు రమ్మంటారు.”

“పే స్లిప్పు ఉందా?”

“మా మండీలో స్లిప్పు టమాటాకే ఇస్తారు. మనుషులకు ఇయ్యరు.”

ఆ అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే ఎక్కువగా వాడే నవ్వాడు. పని చేస్తున్నట్టు మండీ యజమాని దగ్గర ఒక కాగితం రాయించుకొని రమ్మని ఆమె చెప్పి పంపింది. మరుసటి వారం వట్టి చేతులతో వచ్చాడు.

“మా సావుకారు ఏమన్నాడో తెలుసునా సార్? ఈ పొద్దు కాగితం రాసిస్తే రేపు అదే ఎత్తుకోని నా మీద కేసు ఏస్తావు అన్నాడు. నాకు కేసులేసే తీరికే ఉంటే కారెందుకు సావుకారూ అంటిని. టీ అయితే ఇప్పించినాడు.”

ఇలా ప్రతి దెబ్బనూ నవ్వులాటగా మార్చి మాకు చెప్పేవాడు. చివర ఒకటే మాట అనేవాడు. “అయితే కారు. కాకుంటే టమాటా ఉండనే ఉండాది.” ఆ మాట అనేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు. అదేదో చూపుడు వేలితో బల్ల మీద గీత గీసినట్టు, నెమ్మదిగా, తనకు తానే చెప్పుకున్నట్టు అనేవాడు.

వాడికి కారు ఎందుకు కావలసి వచ్చిందంటే, కుప్పంలో వాడి మేనమామ టాక్సీ నడుపుతాడు. రైల్వే స్టేషను బయట స్టాండులో కొన్ని కార్లకే చోటు ఉంటుంది. కొత్తవాడు వెళ్ళి నిలబెడతానంటే ఒప్పుకోరు. ఒక ముసలి డ్రైవరు కళ్ళు సరిగా కనపడక మానేస్తుంటే, ఆ చోటు తన మేనల్లుడికి ఇమ్మని మేనమామ మాట్లాడి పెట్టాడు. ఉగాది దాకా ఆగుతాం, ఆ లోపల పసుపు బోర్డు బండితో రాకపోతే వేరేవాళ్ళకు ఇస్తాం అని స్టాండువాళ్ళు చెప్పారు. వాడు రోజుకూలీగా డబ్బు దాచి ముందు కట్టాల్సింది సమకూర్చుకున్నాడు. మిగతాది అప్పు. వాడి బతుకు మొత్తం ఆ ఒక్క కారు నిలిపే జాగా మీద ఉంది.

వాడు డ్రైవింగు కొత్తగా నేర్చుకున్నవాడు కాదు. మార్కెట్ పని లేని రోజుల్లో కార్లున్నవాళ్ళకు ఆక్టింగ్ డ్రైవరుగా పోయేవాడు. అంటే కారు వాళ్ళది, ఆ ఒక్క ప్రయాణానికి నడిపేది వీడు. దాని కోసం ఒక తెల్ల చొక్కా ఉండేది. పూర్తి చేతులది. ప్లాస్టిక్ కవరులో పెట్టి మండీ షెడ్డులో మేకుకు తగిలించేవాడు. పిలుపు వస్తే కుళాయి కింద తల తడుపుకొని, ఆ చొక్కా వేసుకొని బయల్దేరేవాడు. చొక్కాతో పాటు భాష కూడా మారేది. మార్కెట్లో “యాడికి పోతాండావు” అనేవాడే, తెల్ల చొక్కాలో “ఎక్కడికి వెళ్ళాలండి, ఏసీ పెంచమంటారా” అనేవాడు. ఆ మాటలు ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. అనేటప్పుడు మెడ కూడా నిటారుగా పెట్టేవాడు. కాసేపటికి తల మళ్ళీ ఎడమకు వాలిపోయేది.

వచ్చినప్పుడల్లా ఒక సంచిలో టమాటాలు తెచ్చేవాడు. ఆఫీసులో అందరికీ తలా కొన్ని పంచేవాడు. “మెత్తనివి పైన పెట్టినా సార్, అవి ముందు వండమనండి. గట్టివి అడుగున ఉండాయి, వారం ఉంటాయి” అనేవాడు. అమ్మేవాళ్ళు మంచివి పైన పెట్టి చూపిస్తారు. వీడు అలా కాదు. ఆ టమాటాలు నేను ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. మా ఆవిడ పచ్చడి నూరేది. నేను తిన్నాను.

ఒకరోజు వాడు నన్ను అడిగాడు. “మా ఊరికి విచారణకు ఎవురొస్తారు సార్? ఎప్పుడొస్తారు? చెప్తే నేను ఊర్లో ఉంటాను. ఈడ మార్కెట్లో ఉంటే ఎట్లా?”

“అది ముందుగా చెప్పకూడదప్పా. రూలు” అన్నాను. వెళ్ళాల్సింది నేనే. ఆ ఫైలు అప్పటికే నా సంచిలో ఉంది.

“అయితే మా పెద్దమ్మనడగమనండి సార్, పక్కింట్లోనే ఉంటాది. మా అమ్మ పోయినాక నాకు అన్నం పెట్టింది ఆమే. నేను రెండో తరగతిలో ఎవురి పలక పగలగొట్టిందీ గూడా చెప్తాది.”

జీతం కాగితం లేదు. యజమాని రాసిన కాగితం లేదు. బ్యాంకు ఖాతాలో ఫోను నుంచి వచ్చిన చిన్న చిన్న జమలు తప్ప ఏమీ లేవు. ఇలాంటి ఫైళ్ళలో కంపెనీ చూసేది ఊరివాళ్ళు ఏమన్నారన్నదే. అంటే నేను ఏమి రాస్తానన్నదే. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఆ ఆఫీసులో లేడు.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. పుంగనూరులో రెండు ఇళ్ళు చూసుకొని ఆ పల్లెకు బయల్దేరాను. ఇంకా పలమనేరు వైపు తిరగాలి. ఎండకు హెల్మెట్ లోపల చెమట కళ్ళలోకి కారుతోంది. నా మోటార్‌సైకిల్ అప్పుతో కొన్నదే, కంతులు ఇంకా కడుతున్నాను. నలభై దాటినా వాన వస్తే తడుస్తూ, ఎండ కాస్తే మాడుతూ దీని మీదే తిరుగుతున్నాను. దారిలో ఒక ఆలోచన వచ్చింది. దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను. ‘బాక్సులు మోసేవాడికి కారా’ అనుకున్నాను. అంతే. ఆ మాట నోటితో కూడా అనలేదు. కానీ ఆ ఊరు చేరేసరికి బండి దిగాలనిపించలేదు. ఎండనో, తొందరనో, నడుము నొప్పినో కారణంగా చెప్పుకోవచ్చు. అవన్నీ అంతకు ముందు రోజూ ఉన్నాయి. ముందు రోజు నేను ప్రతి ఊళ్ళోనూ దిగాను.

లోను రాలేదు. విచారణలో నెగటివ్ వచ్చిందని కౌంటరులో అమ్మాయి వాడికి చెప్పింది. నేను ఆ సమయానికి టీకి వెళ్ళాను. వాడు వస్తాడని తెలిసే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి వాడు లేడు. కుర్చీ తుడిచి వెళ్ళాడట.

మళ్ళీ కలిసింది ఉగాది దాటాక. గుడుపల్లెలో ఉన్న మా అక్కకు ఒంట్లో బాగాలేదు, మదనపల్లె తీసుకొచ్చి చూపించాలి. ఒక మిత్రుడు కారు ఇచ్చి, డ్రైవరును కూడా తానే మాట్లాడి పంపాడు. పొద్దున్నే ఇంటి ముందు కారు దగ్గర తెల్ల చొక్కాతో నిలబడి ఉన్నాడు వాడు.

“నమస్కారమండి. ముందు కూర్చుంటారా, వెనక కూర్చుంటారా?”

ముందే కూర్చున్నాను. పుంగనూరు దాటేదాకా పుస్తకం భాషలోనే మాట్లాడాడు. రోడ్డు బాగుందండి, అక్కగారికి ఏమైందండి అని. నేను పొడిపొడిగా జవాబిచ్చాను. చౌడేపల్లెకు తిరిగే దారి వచ్చినప్పుడు అటు చూడకుండా ఎదురుగానే చూస్తూ నడిపాడు. పలమనేరు దాటాక ఒక్కసారిగా వాడి భాష మారిపోయింది.

“మా పెద్దమ్మే చెప్పిందంట సార్, నేనెవురో తెలీదని.”

నేను కిటికీ అద్దం కొంచెం దించాను.

“ఊరికి పోతే ఆమే సంబరంగా చెప్పింది. ఒరే అబ్బోడా, ఫైనాన్సోడు నీకోసరం వచ్చినాడు, ఊర్లోనే లేడని చెప్పి తరిమేసినా అని. నువ్వు నోరు మూసుకోని ఉండింటే నాకు కారు వచ్చిండేది గదా ముసల్దానా అంటిని. అనకూడని మాటలు అంటిని. ఆమె చేతిలో అన్నం తట్ట ఉండె, నాకోసరమే కలపతాండె. ఆ తట్టను తన్నినా.”

వి.కోట దగ్గర లారీ ఒకటి అడ్డం వస్తే నిదానించాడు.

“ఆమె మంచికే చెప్పింది సార్. అది నాకు తెలీక గాదు. తెలిసినా కోపం పోవడం లేదు. ఆ మొగం సూస్తే కారే గుర్తొస్తాది.”

“పల్లెల్లో అంతేలేప్పా” అన్నాను.

అప్పుడు వాడు రోడ్డు మీది నుంచి చూపు తీసి నన్ను చూశాడు. “విచారణకు వచ్చిందెవురో మీకు తెలిసుంటాది గదా సార్? మీ ఆఫీసోళ్ళే గదా. ఆయప్ప ఇంకొకరిని అడిగుంటే ఏం పోయుండె? ఎదురింట్లో అడిగుండొచ్చు. అంగట్లో అడిగుండొచ్చు.”

“ఎవరో ఏజెన్సీవాళ్ళప్పా. చాలామంది తిరుగుతుంటారు. నాకు తెలీదు” అన్నాను.

పెద్దమ్మ చెప్పిన మాటే నేనూ చెప్పాను. ఆమె వాణ్ణి కాపాడుకోవడానికి చెప్పింది. నేను నన్ను కాపాడుకోవడానికి చెప్పాను. ఆ కారులో మేమిద్దరమే ఉన్నాం. నిజం చెప్పడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. తిట్టేవాడేమో. కారు ఆపి దిగమనేవాడేమో. కానీ సాయంత్రం మమ్మల్ని దించేశాక చౌడేపల్లె దారి పట్టి పెద్దమ్మ ఇంటికి పోయుండేవాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

కుప్పంలో స్టేషను దగ్గర టీ తాగుదామని ఆపాడు. గ్లాసు చేత్తో పట్టుకొని స్టాండు వైపు గడ్డంతో చూపించాడు. వరసలో ఒక కొత్త తెల్ల కారు ఉంది. దాని డ్రైవరు, వీడి వయసువాడే, డోరు తెరిచి పెట్టుకొని నిద్రపోతున్నాడు.

“అదే సార్ ఆ జాగా. మధ్యాన్నం దాకా నీడ ఉంటాదంట” అన్నాడు. టీ సగం పారబోసి వచ్చి కారెక్కాడు. తిరుగు ప్రయాణంలో మా అక్క వెనక సీట్లో పడుకొని ఉంది. వాడు మళ్ళీ తెల్ల చొక్కా భాషలోకి వెళ్ళిపోయాడు. గుంత వచ్చిన ప్రతిచోటా “కొంచెం జాగ్రత్తండి అక్కగారూ” అన్నాడు. దిగాక మా అక్క అడిగింది, ఎవరప్పా ఆ పిల్లోడు, బంగారం మాదిరి ఉండాడే అని. డ్రైవరు అన్నాను.

ఆ తర్వాత వాడు ఆఫీసుకు రాలేదు. ఎండాకాలం వచ్చింది, కాయ ముమ్మరంగా వచ్చింది. మార్కెట్ వైపు రోడ్డంతా లారీలే. వానలు పడ్డాక ఒకరోజు వేరే ఫైలు పని మీద మార్కెట్‌కు వెళ్ళి టీ కొట్టు దగ్గర హమాలీల మేస్త్రీ కనిపిస్తే, వాడు ఎలా ఉన్నాడని అడిగాను.

“ఆ పిల్లోడా? పోయినాడు గదా సార్. మీకు తెలీదా?”

నేను ఊరు విడిచి పోయాడనుకున్నాను. “ఎక్కడికి?” అన్నాను.

మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టాడు. “సచ్చిపోయినాడు సార్. కామెర్లు. కండ్లు పచ్చగైనా బాక్సులు దించలేదు, కాయ ముమ్మరంగా ఉండె గదా. ఊరికి పోయి పండుకోరా, పెద్దమ్మ పత్తెం పెడతాది అని మేమంతా చెప్పినాము. నేను పోను, ఆమె మొగం సూడను అన్నాడు. షెడ్డులోనే పండుకున్యాడు. ఎవురో పసరు తెచ్చిస్తే తాగినాడు. ఈడ ఏం పత్తెం సార్, ఓటలు మెతుకులే గదా. ఆస్పత్రికి ఎత్తకపోయే తలికి మించిపోయింది.”

నా రిపోర్టు వాణ్ణి చంపిందని నేను అనను. కామెర్లు చంపింది. అలా చెప్పుకుంటే ఎవరూ కాదనరు. కానీ పథ్యం పెట్టే ఇల్లు ఒకటి వాడికి ఉంది. ఆ ఇంటికి వాడు పోకుండా చేసింది, పెద్దమ్మ వల్లే కారు పోయిందన్న మాట. దాన్ని తీసేయగలిగిన మనిషిని నేనొక్కణ్ణే. కుప్పం దాకా వాడి పక్కన కూర్చొని వెళ్ళి కూడా తీయలేదు.

ఆ వారమంతా ఆ దిక్కు ఫైళ్ళు వేరేవాళ్ళకు ఇచ్చాను. ఆ తర్వాత ఒక సాయంత్రం ఆ పల్లెకు వెళ్ళాను. పెద్దమ్మ ఆవుకు దాణా పెడుతోంది. ఎండకు నల్లబడి, ఎముకలు తేలిన మనిషి. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“ఏమప్పా ఫైనాన్సాయనా, సచ్చిపోయినోని కాడ గూడా వసూలుకు వచ్చినావా? సూడు, ఇల్లు ఆడుండాది. తలుపు ఎత్తుకోని పో.”

“వసూలుకు రాలేదు పెద్దమ్మా. ఒక మాట చెప్పిపోదామని వచ్చినాను.”

“పెద్దమ్మా అనొద్దు. ఆ మాట అనేవాడు పోయినాడు.”

నిలబడే చెప్పాను. మీరు అబద్ధం చెబుతున్నారని నాకు ఆ రోజే తెలుసు. పిల్లవాణ్ణి కాపాడటానికే చెబుతున్నారనీ తెలుసు. ఇంకొకరిని అడగాల్సిన పని నాది, నేను అడగలేదు. కారు రాకపోవడం మీ నోటి వల్ల కాదు, నా వల్ల. వాడు నన్ను అడిగినప్పుడు కూడా నిజం చెప్పలేదు.

ఆమె దాణా కలపడం ఆపింది. చేతికి తవుడు అంటుకొని ఉంది.

“తెలిసే రాసినావా?”

“తెలిసే రాసినాను.”

“యాల?”

ఎండ అని చెప్పబోయాను. నోరు రాలేదు. “వానికి కారు వస్తాదంటే నేను ఓర్చలేకపోయినాను” అన్నాను.

ఆమె ఆవు మూతి పక్కకు తోసి, గంపలో మిగిలిన దాణా వేసింది. “నువ్వు అరుగు మీద కూసోని, నీళ్ళు తాగి, పొద్దు మునిగేదాకా అడిగుండినా నేను తెలీదనే చెప్పుందును. ఫైనాన్సోనికి పిల్లోన్ని సూపిస్తానా ఎక్కడైనా? నేను సాకిన బిడ్డ వాడు” అంది. ఆ మాటతో నాకు ఏ ఊరటా దొరకలేదు. ఇవ్వడానికి ఆమె అనలేదు కూడా.

పాల క్యాను తీసుకొని బయల్దేరుతూ వాకిట్లో ఆగింది.

“ఈ మాట నాకు చెప్పేది గాదప్పా. నా నోటి వల్లే కారు రాలేదని ఊరంతా అంటాండారు. దినం వంటలకు వచ్చినోళ్ళు గూడా నా చాటున అదే అన్నారు. పాల కేంద్రం కాడ అందరూ ఉంటారు. ఆడికొచ్చి చెప్పు.”

ఆమె వెనకే నడిచాను. పాల కేంద్రం ముందు క్యాన్లతో, చెంబులతో ఊరు ఊరంతా వరసలో ఉంది. లోపల ఒకతను పాలు మిషన్లో పెట్టి వెన్న శాతం చూస్తున్నాడు. పెద్దమ్మ వెళ్ళి వరస చివర నిలబడింది. ఆమె ముందున్న ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఆమె నా వైపు చూడలేదు, చెప్పమని సైగ చేయలేదు.

నా పేరు చెప్పాను. నా పని చెప్పాను. ఆ రోజు వచ్చింది నేనేనని చెప్పి, ఇక్కడ ఇంతవరకు రాసినదంతా, నా ఓర్వలేనితనంతో సహా, చెప్పాను. వెనకవాళ్ళు వినపడలేదంటే మళ్ళీ గట్టిగా చెప్పాను. మిషన్ దగ్గరతను పని ఆపి వాకిలి దగ్గరికి వచ్చాడు.

ఒక ముసలాయన అడిగాడు. “మేము తెలీదంటే మీరు తెలీదనే రాసుకుంటారా?”

“రాసుకుంటాం.”

“తెలుసంటే?”

“అప్పుడూ పూర్తిగా నమ్మం.”

“మరి ఏం చెప్పాలప్పా మేము?” అన్నాడాయన. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

చంకలో బిడ్డ ఉన్న ఒక ఆమె అంది, “వాడు బతికుండంగా చెప్పుంటే బాగుండె.”

“అవునమ్మా” అన్నాను.

ఎవరూ నన్ను కొట్టలేదు. పొమ్మని కూడా అనలేదు. మిషన్ దగ్గరతను లోపలికి వెళ్ళాడు. వరస కదిలింది. ముందున్న ఆడమనిషి ఒకరు పెద్దమ్మ క్యాను చూసి, ఆవు ఎంత ఇస్తాంది అక్కా అని అడిగింది. పెద్దమ్మ ఏదో చెప్పింది. తన వంతు వచ్చాక పాలు పోసి, చీటీ కొంగున ముడేసుకొని, నన్ను దాటి ఇంటి వైపు వెళ్ళిపోయింది.

పొలాల నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఇంకా వస్తున్నారు. ఎవరీయన, ఏమైంది అని వాళ్ళు అడిగారు. వరసలో ఉన్నవాళ్ళు చెప్పబోతే, నేను చెబుతాను ఆగండి అన్నాను. కేంద్రం తలుపులు వేసేదాకా అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాను.